విధేయతయు మారుమనస్సును

మన తెలుగునందు విధేయతను దెలుపుటకు ఇంటింట వాడబడు మాట మిక్కిలి చిన్నది. తల్లి బిడ్డను మెచ్చుకొనునపుడు వీడు మాట వినును అనును. విసుగుకొనునపుడు వీడు చెప్పిన మాట వినడు అనును. ఇచ్చట వినుట యనగా చెవిని శబ్దము పడుట కాదు, విన్నదాని ననుసరించి నడచుట. చెవికిని కాలికిని నడుమనున్న దూరమును మన పూర్వులు ఒక్క క్రియతో దాటివేసిరి. క్రైస్తవ వేదములోని పూర్వభాగము వ్రాయబడిన హెబ్రీ భాషయందును వినుటకును లోబడుటకును ధాతువు ఒక్కటియే. కావున విధేయతను గూర్చి విచారించువాడు మొదట వేయవలసిన ప్రశ్న, నేనేమి చేసితిని అనునది కాదు. నేనేమి వింటిని, ఎవరి మాట వింటిని అనునది.

దేవుని మాట విననివాడు పశ్చాత్తాపపడవలెనని యెల్లరు నెరుగుదురు. దొంగ దొంగతనమును, అబద్ధికుడు అబద్ధమును విడువవలెనని బోధించుటకు పెద్ద పాండిత్య మక్కరలేదు. కాని దేవుని మాట వినుచున్నానని నిజముగా నమ్మి, ఆ నమ్మకముతో నెన్నియో కష్టములకోర్చి పనిచేయువాడు కూడ మారుమనస్సు పొందవలసిన దినము కలదా? విధేయుడు తన విధేయతను గూర్చియే పశ్చాత్తాపపడవలసి వచ్చునా? ఈ ప్రశ్న చదువరులకు వింతగా దోచవచ్చును. అయినను మతబోధలయందు దీనికంటె కఠినమైనదియు, దీనికంటె నవసరమైనదియు మరియొకటి లేదని నా యభిప్రాయము. దీనిని వేదగ్రంథమునందును, హైదరాబాదు పాతబస్తీయందు నడచిన యొక వృత్తాంతమునందును పరిశీలింతము.

షిలోహులో ముసలి యాజకుడగు ఏలీ వద్ద బాలుడైన సమూయేలు పరిచర్య చేయుచుండెను. ఒక రాత్రి తన పేరు వినబడగా బాలుడు ఏలీయే పిలిచెనని యెంచి పరుగెత్తిపోయెను. ముసలివాడు తాను పిలువలేదని చెప్పి పంపివేసెను. ఇట్లు మూడుమార్లు జరిగిన పిమ్మట పిలిచినవాడు దేవుడని ఏలీ గ్రహించి బాలునికి బుద్ధి చెప్పెను. నాలుగవమారు బాలుడు తాను వినుచున్నానని బదులు పలికెను. ఇందు రెండు సంగతులు గమనింపదగియున్నవి. మొదటిది, దేవుని కంఠస్వరము ప్రక్కగదిలోని మనుష్యుని కంఠస్వరమువలెనే యుండెను. ఉరుములతోను మెరుపులతోను వచ్చియుండినచో బాలుడు పొరబడియుండడు. రెండవది, ఆ రాత్రి వినబడిన సందేశము అన్యజనులను గూర్చినది కాదు. అది ఏలీ కుమారుల దుర్మార్గమును గూర్చినది. దేవుని మందిరములోనే, దేవుని సేవకుల నడుమనే జరుగుచుండిన యన్యాయమును గూర్చినది. దైవపు పిలుపు మనుష్యుని గొంతుకతో వచ్చుననియు, అది తరచుగా మొదట మన యింటి తలుపునే తట్టుననియు ఈ కథవలన మనకు దెలియుచున్నది.

యేసుక్రీస్తు చెప్పిన ఇద్దరు కుమారుల కథ దీనికి తోడుగా నున్నది. తండ్రి ద్రాక్షతోటకు పోయి పనిచేయుమని యడుగగా, ఒకడు పోనని మొగముమీదనే చెప్పి, పిమ్మట మనస్సు మార్చుకొని పోయెను. రెండవవాడు వినయముగా పోయెదనని పలికి పోకయుండెను. తండ్రి యిష్టము నెరవేర్చినవాడెవడని యేసు అడిగిన ప్రశ్న దేవాలయములోని పెద్దలను చుట్టుకొన్నది. మన సంఘములలో రెండవ కుమారుని వంశమువారే యెక్కువగా కనబడుచుందురు. ప్రార్థనయందు చిత్తము ప్రభువా అనుటకు మనకు నోరు తిరిగినది. ఆ నోటి వేగమే మనకు విధేయతగా గనబడుచున్నది. మొదటి కుమారుని పశ్చాత్తాపమునం దొక విశేషము కలదు. అతడు తండ్రియొద్దకు మరల వచ్చి క్షమాపణ వేడుకొనినట్లు కథలో లేదు. అతడు తోటకు పోయెను. అతని పశ్చాత్తాపము అతని కాళ్లయందు గనబడెను.

ఇక పశ్చాత్తాపమనగా నేమి? సంస్కృతమునుండి వచ్చిన ఈ పదమునకు వెనుకటిదానిని గూర్చిన తాపమని యర్థము. చేసిన పనిని తలచుకొని మనస్సు కాగుట దీనిలో ముఖ్యము. తెలుగు బైబిలును సిద్ధపరచినవారు మారుమనస్సు అను మరియొక మాటను వాడుకలోనికి దెచ్చిరి. గ్రీకు మూలములోని పదమునకు గూడ మనస్సు మారుట యనియే భావము. పాతబస్తీలోని మహమ్మదీయ సోదరులు తౌబా యందురు. ఆ యరబ్బీ పదమునకు మరలివచ్చుట యని యర్థము. హెబ్రీ ప్రవక్తలు వాడిన పదమునకును మరలుటయే యర్థము. కాగుట, మారుట, మరలుట అను మూడును ఒక్క పనిలోని మూడు మెట్లు. మొదటి మెట్టుపై నిలిచిపోయి కన్నీరు కార్చువారు లోకమున ననేకులు కలరు. తాపము తనకు తానే చల్లారును. చల్లారిన పిమ్మట మనుష్యుడు వెనుకటి దారినే నడచును.

ఈ భేదమును గ్రహించుటకు హైదరాబాదు నగర చరిత్రలోనే యొక దృష్టాంతమున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. అఫ్జల్‌గంజి యొద్దనున్న యొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని నేటికిని చెప్పుకొందురు. ఆ దినములలో నగరమంతయు ఏడ్చినది. అయితే ఏడ్చుటతో ఆగక, నీటి నడకను శాస్త్రీయముగా పరిశీలించుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిరి. ఆయన యాలోచన ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తిచేసిరి. దుఃఖము జలాశయమైనది. ఏడ్పు నిజమైనదని తెలిపినవి ఆ కట్టలే. కాని తరువాతి తరములవారు చెరువులను పూడ్చి, నాలాల నాక్రమించి యిండ్లు కట్టుకొనిరి. 2020 అక్టోబరులో భారీవర్షములకు పాతబస్తీకి దక్షిణముననున్న చెరువులు పొంగి పేటలు మరల నీట మునిగినవి. ఒక తరము మరలినంత మాత్రమున మరుసటి తరమునకు మరలు నవసరము తప్పదు. నగరమునకు నిజమైన యీ మాట మనుష్యుని యాత్మకును నిజమే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. విధేయునికి మారుమనస్సు కావలెనా? యోనా కథ దీనికే చెప్పబడినది. యూనుస్ అను పేర మహమ్మదీయులును ఈయనను ప్రవక్తగా గౌరవింతురు. ఖురానులో నొక అధ్యాయమునకు ఆయన పేరున్నది. నీనెవె పట్టణమునకు పోయి ప్రకటింపుమని దేవుడు చెప్పగా యోనా తర్షీషునకు ఓడనెక్కి పారిపోయెను. సముద్రములో పడి, చేప గర్భమున మూడు దినములుండి, బయటపడి, రెండవమారు పిలుపు రాగా నీనెవెకు పోయెను. సామాన్యముగా ఉపదేశకులు కథను ఇచ్చటనే ముగింతురు: పారిపోయినవాడు లోబడెను, కావున మనమును లోబడుదము అని. అసలు కథ ఇచ్చటనే మొదలగుచున్నది. యోనా చెప్పిన మాట విని నీనెవె జనులు రాజు మొదలుకొని మారుమనస్సు పొందిరి. దేవుడు వారిని క్షమించెను. అందులకు యోనా మిక్కిలి కోపగించి, పట్టణము వెలుపల కూర్చుండి, తనకు నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోయినందుకు చావుకోరుకొనెను. లక్షా ఇరువదివేలమందికంటె హెచ్చుగా కుడి యెడమ లెరుగని జనులును, పశువులును ఉన్న యా మహానగరమును గూర్చి తాను జాలిపడకూడదా యని దేవుడు ఆయన నడిగెను. యోనా ఏమి బదులు చెప్పెనో గ్రంథమునందు లేదు.

నీనెవెలో పశువులు సైతము గోనెపట్ట కట్టుకొనినవని వ్రాయబడియుండగా, మారుమనస్సు పొందనివాడు ఆ కథలో దేవుని సేవకు డొక్కడే. ఆయన కాళ్లు దేవుని మాట వినినవి. ఆయన హృదయము వినలేదు. తానెవరియొద్దకు పంపబడెనో వారు నశింపవలెననియే ఆయన కోరిక. ఇట్టి విధేయత లోకమున నరుదైనది కాదు. పొరుగువానిని ప్రేమింపకయే వానికి మేలు చేయబోవువాడును, వానిని గెలుచుటకే వాని వాకిట నిలుచువాడును, ఆజ్ఞను నెరవేర్చుచు ఆజ్ఞ యిచ్చినవాని మనస్సు నెరుగనివాడును యోనా సంతతివారే.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ కూడినపుడు మన దేశమునుండి పోయిన వి. ఎస్. అజరయ్య ఈ లోపమునే నిర్భయముగా చూపెను. తిరునెల్వేలి ప్రాంతమున జన్మించి, నిజాము రాజ్యములోని డోర్నకలులో తెలుగువారి నడుమ పనిచేయుటకు వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పైనవా డీయనయే. విదేశీయులు ధనమిచ్చిరి, శరీరములను అలయజేసికొనిరి. వారి త్యాగమును జనులు మరువరు. అయినను భారతీయులకు వారినుండి దొరకనిది స్నేహము అని ఆయన ఆ సభలో విన్నవించెను. వారు అవిధేయులని ఆయన యనలేదు. వారి విధేయతలో నొక గది తాళము వేయబడియున్నదని చెప్పెను. సభలో కొందరికి ఆ మాటలు కటువుగా దోచినవి. ఏలీ యింట వినబడిన సందేశమును కటువైనదే గదా.

ఇట్టి తాళము ఒక సంస్థయందు ఎట్లు తీయబడెనో పాతబస్తీ వృత్తాంతము తెలుపుచున్నది. హెన్రీ మార్టిన్ అను నాంగ్లేయుడు 1781లో జన్మించి, 1801లో కేంబ్రిడ్జి గణితపరీక్షయందు ప్రథముడై, ఆ కీర్తిని విడిచి 1806లో ఈస్టిండియా కంపెనీ మతగురువుగా మన దేశమునకు వచ్చెను. క్రొత్త నిబంధనను ఉర్దూలోనికిని పారసీలోనికిని తర్జుమా చేసి 1812లో తుర్కుదేశములోని తోకాతులో 31 సంవత్సరముల వయస్సున మరణించెను. ఆయన పేర 1930లో లాహోరులో నొక విద్యాలయము స్థాపింపబడినది. మహమ్మదీయుల నడుమ సువార్త ప్రకటించువారికి ఇస్లాము మతమును గూర్చిన విద్య నేర్పుట దాని యుద్దేశము. పలుచోట్ల నుండిన పిమ్మట 1971లో నది హైదరాబాదునకు వచ్చినది. ఆ విద్యాలయపు పండితులు ఖురానును, హదీసులను, సూఫీల గ్రంథములను శ్రద్ధతో చదివిరి. క్రమముగా వాదమును విడిచి సంభాషణమువైపు మొగ్గిరి. అయినను వారి పని విశేషముగా గ్రంథములతోను సభలతోను కూడినదిగానే యుండెను.

1990 డిసెంబరులో పాతబస్తీలో హిందూ మహమ్మదీయ కలహములు చెలరేగి నూటికి పైగా జనులు చంపబడిరి. కర్ఫ్యూ విధింపబడినది. ఏ పూటకాపూట కూలితో కడుపు నింపుకొను కుటుంబములు పనిలేక, బియ్యములేక తలుపులు మూసికొని కూర్చుండవలసివచ్చెను. షిలోహులోని బాలునివలె ఆ విద్యాలయమువారు మనుష్యుల గొంతుక వినిరి. ఇస్లామును గూర్చి ఆరు దశాబ్దములు చదివిన సంస్థకు, ఆ మతమువారును హిందువులును ఒకే వీధిలో ప్రాణభయముతో నున్నప్పుడు చదువు మాత్రమే చాలునా యను ప్రశ్న యెదురయ్యెను. వారు ఇతరులతో గూడి సహాయకార్యములలో దిగిరి. చార్మినారునకు ఎక్కువ దూరములేని సుల్తాన్ షాహీలో, హిందువులును మహమ్మదీయులును ఇరుగుపొరుగుగా నుండు బీదల పేటలో, పిల్లలకు చదువు, స్త్రీలకు కుట్టుపని మొదలగువాటి ద్వారమున రెండు మతములవారును కలిసికొను తావును క్రమముగా నేర్పరచిరి. ఉర్దూలో అమన్, తెలుగులో శాంతి యను రెండు మాటలను జోడించి ఆ పనికి పేరు పెట్టుకొనిరి. సమాధానము కుదుర్చుట, పరస్పర మైత్రి యనునవి ఆ సంస్థ ముఖ్యోద్దేశములైనవి.

ఈ మార్పును గూర్చి గొప్పలు చెప్పుట నా యుద్దేశము కాదు. ఒక పేటలోని కుట్టుమిషనులు ఒక నగరమునందలి ద్వేషమును కుట్టివేయజాలవు. 1990 తరువాత కూడ పాతబస్తీ కర్ఫ్యూలను చూచినది. నాకు విలువైనదిగా దోచునది మరియొకటి. ఆ సంస్థవారు దేవుని పిలుపును మానుకొనలేదు. పిలుపును మరల వినిరి. నీనెవెకు పోయిన యోనా, పట్టణము వెలుపలి చెట్టునీడను విడిచి లోపలి వీధులలోనికి వచ్చియున్నచో ఎట్లుండునో అట్లున్నది వారి నడక. ఇది మారుమనస్సు కాదనగలమా?

ఇచ్చట భక్తుడైన క్రైస్తవుడొక్క డాక్షేపింపవచ్చును. సమస్త జనులకు బోధింపుడని ప్రభువు ఆజ్ఞాపించియుండగా, బోధను ప్రక్కనుంచి కుట్టుపని నేర్పుట ఆజ్ఞను మీరుట కాదా యని. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆజ్ఞను సుఖముకొరకు కరిగించుకొనుట యెల్ల కాలములలోను జరుగుచున్న పనియే. అయినను ద్రాక్షతోట కథనే మరల చూతము. తండ్రి అడిగినది తోటలో పనిచేయుమని. తోటలో చెట్లు కాలుచుండగా, తోటను గూర్చి ఉపన్యసించుట పనిచేయుట యగునా? సాక్ష్యము పలుకువాడు ముందు సాక్ష్యమునకు తగినవాడు కావలెను. రాత్రివేళ తలుపు తట్టి బియ్యము తెచ్చినవాడు పగటివేళ మాటలాడినచో వినువారుందురు. వారు వినకపోయినను బియ్యము తెచ్చుట మానరాదు. ఏలయన ప్రతిఫలమునకు కట్టుబడిన ప్రేమ వర్తకమగును.

రెండవ యాక్షేపణ ఇంకను కఠినమైనది. పిలుపు విని నడచుటయే విధేయతయైనచో, కత్తి చేతబట్టి వీధికెక్కినవాడును దేవుని పిలుపు వింటిననియే చెప్పును గదా! అతనిని మనమేమని తప్పుపట్టగలము? క్రైస్తవ వేదమే యిట్టి మనుష్యు నొకని చూపుచున్నది. సౌలు అధికారుల పత్రికలు చేతబట్టుకొని దమస్కులోని శిష్యులను బంధించుటకు బయలుదేరినపుడు తాను దేవునికి సేవచేయుచున్నాననియే నమ్మెను. అతని విధేయతకు లోపము లేదు; అతనికి చెవియే లేదు. త్రోవలో వినబడిన స్వరము, నీవు హింసించువాడను నేనే యని యతనికి తెలిపెను. హింసింపబడినవాని గొంతుకయే దేవుని గొంతుకయని యతడు నేల కూలి నేర్చుకొనెను. అదే దినములలో అననీయ యను శిష్యునికి, ఆ సౌలునొద్దకు పొమ్మని మరియొక పిలుపు వచ్చెను. అతడు భయపడెను, దేవునితో వాదించెను, పిమ్మట పోయి, తనవారిని చెరబట్ట వచ్చినవానిమీద చేతులుంచి సహోదరుడా యని పిలిచెను.

ఈ యిద్దరి కథలనుండి పిలుపును పరీక్షించుటకు గీటురా యొకటి దొరకుచున్నది. ఏ పిలుపు నన్ను భయపడువానియొద్దకు లేక ద్వేషించువానియొద్దకు వట్టిచేతులతో పంపునో, ఏది వానిని సహోదరుడని పిలువుమనునో, ఏది నా తప్పును నాకు ముందుగా చూపునో, అది వినదగినది. ఏది నా తప్పును కప్పి పొరుగువాని తప్పును చాటునో, ఏది నాకు ఆయుధమును వానికి భయమును ఇచ్చునో, అది ఎంత పవిత్రమైన పేరుతో వచ్చినను దైవస్వరము కాదు. ఈ పరీక్ష క్రైస్తవునికి మాత్రమే కాదు. దేవాలయమునుండి వచ్చువానికిని మసీదునుండి వచ్చువానికిని సమానమే.

అయితే క్రైస్తవుని వ్యాసమున క్రైస్తవుని యింటిని గూర్చి చెప్పకుండుట న్యాయము కాదు. మన తెలుగు దేశమున క్రీస్తు నంగీకరించి తరములు గడచిన పిమ్మట గూడ కులమును విడువని సంఘములు కలవు. అగ్రకులములనుండి వచ్చినవారు వేరుగా కూర్చుండిన తావులును, మాలలకును మాదిగలకును వేర్వేరుగా నారాధనలు జరిగిన యూళ్లును కలవు. పెండ్లి సంబంధములయందు బాప్తిస్మముకంటె కులమునకే బలము హెచ్చు. ఒక్క రొట్టెను విరిచి పంచుకొనువారు ఒక్క పంక్తిని భోజనము చేయజాలకపోవుట కంటె యోనాతనము మరియేమి కలదు? హిందూ మహమ్మదీయులకు సమాధానము బోధింపబోవు సంఘము మొదట తన బల్లచుట్టు ఎవరెవరు ఎచ్చటెచ్చట కూర్చుండిరో చూచుకొనవలెను. సుల్తాన్ షాహీకి పోవు దారి మన మందిరపు గడపను దాటియే పోవుచున్నది.

సోదరులారా! ప్రతిదినము ప్రార్థన చేయుదుము, ప్రతివారము బోధ విందుము, ప్రతిసంవత్సరము పశ్చాత్తాప దినములను ఆచరింతుము. ఇవి మంచివే. కాని వీటి నన్నిటిని చేయుచు కూడ పట్టణము వెలుపల చెట్టునీడను కూర్చుండుట సాధ్యమని యోనా మనకు చూపెను. కావున రాత్రి పరుండబోవునపుడు చేసిన పాపములను మాత్రమే కాక, చేసితిమని గర్వించుచున్న పుణ్యములను గూడ దేవుని యెదుట నుంచుదము. ఎవరికొరకు చేసితిమి? వారిని ప్రేమించితిమా, గెలువజూచితిమా? వారి గొంతుక వింటిమా, మన గొంతుకనే వినిపించితిమా? ఆ ప్రశ్నలకు బదులు దొరకినపుడు, మరునాటి యుదయమున ఏ వీధికి పోవలెనో వేరుగా ఎవరును చెప్పనక్కరలేదు. మాట విన్నవానికి కాళ్లు వాటియంతట నవియే కదలును.